తొలి ఏడాది, తొలి సంబరాలు: చంటిబిడ్డల ఎదుగుదల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మా పాపకు ఇప్పుడు పద్నాలుగు నెలలు. గడిచిన ఏడాదిలో చుట్టాలూ, ఇరుగుపొరుగువారూ, నా తర్వాత తల్లులైన స్నేహితురాళ్ళూ నన్ను అడిగిన ప్రశ్నలనూ, నేను మా పిల్లల డాక్టరును అడిగిన ప్రశ్నలనూ ఇక్కడ ఒకచోట చేర్చాను. నేను వైద్యురాలిని కాను. డాక్టరు దగ్గర తెలుసుకున్నది, తెనాలిలో ఉండే మా అమ్మ దగ్గరా కరీంనగర్‌లో ఉండే మా అత్తమ్మ దగ్గరా విన్నది, అన్నిటికంటే ఎక్కువగా నా కళ్ళతో చూసి మురిసిపోయినది ఈ జవాబుల్లో ఉంది.

ఎదుగుదలలో మైలురాళ్ళు అంటే ఏమిటి?

బిడ్డ వయసుతో పాటు కొత్తగా నేర్చుకుని, ఆ తర్వాత మరిచిపోకుండా చేసే పనులను డాక్టర్లు మైలురాళ్ళు అంటారు. వాటిని ఒళ్ళు కదిలించడం, చేతివేళ్ళతో పని చేయడం, మాట, మనుషులతో కలవడం అని నాలుగు వరుసలుగా చూస్తారు. మన ఇళ్ళల్లో మాత్రం వీటికి ఎప్పటి నుంచో పేర్లున్నాయి. ఉంగా కొట్టడం, మెడ నిలపడం, బోర్లా పడటం, దోగాడటం, పట్టుకుని నిలబడటం, తప్పటడుగులు వేయడం, వచ్చీరాని మాటలు పలకడం అని ప్రతి దశకూ ఒక ముద్దైన మాట ఉండటాన్ని బట్టి, మన అమ్మమ్మలు ఎంత శ్రద్ధగా పిల్లలను గమనించేవారో తెలుస్తుంది.

బిడ్డ నిజంగా నన్ను చూసే నవ్విందని ఎలా తెలుసుకోవాలి?

పుట్టిన మొదటి వారాల్లో బిడ్డ నిద్రలో పెదవులు సాగదీసి నవ్వుతుంది. దేవుడు ఆడిస్తున్నాడని పెద్దలు అంటారు. ఆ నవ్వు ఎవరినో చూసి నవ్వేది కాదు. ఎదుటి ముఖాన్ని చూసి, దానికి బదులుగా నవ్వే నవ్వు సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య వస్తుంది. అప్పుడే పుట్టిన బిడ్డకు 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నవే కాస్త స్పష్టంగా కనిపిస్తాయి. పాలిచ్చేటప్పుడు బిడ్డ కళ్ళకూ తల్లి ముఖానికీ మధ్య ఉండే దూరం దాదాపు అంతే కాబట్టి, బిడ్డ లోకంలో మొదట నేర్చుకునే బొమ్మ తల్లి ముఖమే అని చెప్పుకోవచ్చు.

తేడా ఎలా తెలుస్తుందంటే, నిజమైన నవ్వులో కళ్ళు కూడా నవ్వుతాయి. మా పాప ఏడో వారంలో, నేను గుడ్డ మారుస్తూ ఏదో మాట్లాడుతుంటే, కాళ్ళు తన్నడం ఆపి, నా నోటి వంకా కళ్ళ వంకా రెండు మూడుసార్లు చూసి, పళ్ళు లేని చిగుళ్ళన్నీ కనిపించేలా నోరు తెరిచింది. నేను మాట ఆపితే నవ్వు ఆగింది, మళ్ళీ మాట్లాడితే మళ్ళీ నవ్వింది. అది నాకే ఇస్తున్న జవాబని తెలిసిన ఆ నిమిషంలో, అప్పటిదాకా రాత్రిళ్ళు లేచిన అలసట ఎటు పోయిందో నాకు తెలియలేదు.

బోర్లా పడితే బొబ్బట్లు అంటారు కదా, ఏ పనికి ఏ పిండివంట చేయాలి?

నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న ఇది. మా అమ్మ వైపు వారు చెప్పే వరుస ఇలా ఉంటుంది: నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, పాకితే పాయసం, గడప దాటితే గారెలు, అడుగులు వేస్తే అరిసెలు, పలుకులు పలికితే పంచదార చిలకలు. ఊరిని బట్టి, ఇంటిని బట్టి ఒకటి రెండు మారుతాయి, కొన్ని చోట్ల అన్నీ చేయరు. పనికీ పిండివంటకూ మొదటి అక్షరం కలవడం వల్ల ఎవరూ రాసి పెట్టుకోకుండానే ఈ వరుస తరతరాలుగా నోటి మీద నిలిచింది. మా అత్తమ్మ బొబ్బట్లను బచ్చాలు అంటారు, అయినా బోర్లా పడటంతో ఆ మాట కూడా చక్కగానే కలిసింది.

పిండివంట చేసి ముత్తయిదువులను పిలిచి పంచడం, ఇరుగుపొరుగు పిల్లలకు పెట్టడం ఆనవాయితీ. అరిసెలను వరుసగా పరిచి, వాటి మీద బిడ్డ చేత అడుగులు వేయించే ఇళ్ళూ ఉన్నాయి. ఇంత పెద్ద ఎత్తున చేయలేని వారు నాలుగు బొబ్బట్లు చేసి పక్కింటికి రెండు పంపినా అందులో లోటేమీ లేదు. బిడ్డ ఒక కొత్త పని చేసిందని నలుగురికీ నోరు తీపి చేసి చెప్పడమే ఇందులో ఉన్న అసలు విషయం.

ఈ వరుసలో నేను పాప పుట్టాకే గమనించిన విశేషం ఒకటుంది. అందులో ఎక్కడా నెల లేదు. ఐదో నెలలో బొబ్బట్లు అనీ, పన్నెండో నెలలో అరిసెలు అనీ ఎవరూ చెప్పలేదు. బిడ్డ ఎప్పుడు చేస్తే అప్పుడే పండుగ, అంతవరకు పొయ్యి మీద మూకుడు ఎక్కదు. తేదీలు చూసుకుంటూ దిగులుపడే తల్లులకు నేను ముందుగా చెప్పేది ఈ మాటే.

మా పక్కింటి పాప ఆరు నెలలకే కూర్చుంటోంది, మా బాబు ఇంకా కూర్చోవడం లేదు. ఆలస్యం అయినట్టేనా?

కాకపోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో 816 మంది ఆరోగ్యవంతులైన పిల్లలను గమనించి, ఏ కదలిక ఏ వయసుల మధ్య వస్తుందో 2006లో ప్రకటించింది. మన దేశం నుంచి ఢిల్లీ పిల్లలు అందులో ఉన్నారు. ఆ లెక్క ప్రకారం ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నెలల నుంచి 9.2 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు. చేతులూ మోకాళ్ళ మీద పాకడం 5.2 నుంచి 13.5 నెలల మధ్య, ఏమీ పట్టుకోకుండా నిలబడటం 6.9 నుంచి 16.9 నెలల మధ్య, ఆసరా లేకుండా నడవడం 8.2 నుంచి 17.6 నెలల మధ్య వస్తాయి. అంటే ఒకే రోజున పుట్టిన ఇద్దరు ఆరోగ్యమైన పిల్లల్లో ఒకరు తొమ్మిది నెలలకూ మరొకరు పదిహేడు నెలలకూ నడిస్తే, ఇద్దరూ సరిగ్గానే ఎదుగుతున్నట్టు.

మా పాప ఏడు నెలలు నిండే ముందు కూర్చుంది. అంతకు ముందు నెలంతా రెండు చేతులూ ముందుకు ఆనించి, కప్ప కూర్చున్నట్టు ఒంగి కూర్చునేది. పక్కన ఏదైనా కనిపిస్తే దాని కోసం చెయ్యి ఎత్తి, మెల్లగా ఆ పక్కకే ఒరిగిపోయేది. ఆ ఒరిగిపోవడం కూడా కూర్చోవడం నేర్చుకోవడంలో భాగమే. పక్కింటి బిడ్డతో పోల్చి చూసేటప్పుడు ఈ మధ్యలో ఉన్న చిన్న చిన్న అందాలన్నీ మన కంటికి కనబడకుండా పోతాయి, నాకు బాధ కలిగించేది అదే.

మెడ త్వరగా నిలపడానికి ఏం చేయాలి? బోర్లా పడుకోబెట్టవచ్చా?

మెలకువగా ఉన్నప్పుడు పడుకోబెట్టవచ్చు, పడుకోబెట్టాలి కూడా. మొదట్లో రోజుకు రెండు మూడుసార్లు, ఒక్కోసారి మూడు నుంచి ఐదు నిమిషాలు పొట్ట మీద పడుకోబెట్టి ఎదురుగా మనమూ పడుకుని మాట్లాడితే, మన ముఖం చూడటానికి బిడ్డ తల ఎత్తుతుంది. మూడు నాలుగు నెలలకు మెడ నిలుస్తుంది. నిద్రపోయేటప్పుడు మాత్రం తప్పకుండా వెల్లకిలా పడుకోబెట్టాలి. ఏడాది లోపు పిల్లలు నిద్రలో హఠాత్తుగా చనిపోయే ప్రమాదం బోర్లా నిద్రపుచ్చినప్పుడు ఎక్కువని తేలిన తర్వాత, 1990ల నుంచి చాలా దేశాల పిల్లల వైద్యులు ఇదే చెబుతున్నారు. మెత్తటి దిండ్లూ, బరువైన దుప్పట్లూ పక్కలో ఉంచకూడదు.

మా పాప నాలుగున్నర నెలలకు, తెనాలిలో చాప మీద ఆడుకుంటూ బోర్లా పడింది. ఒక చెయ్యి పొట్ట కింద ఇరుక్కుపోయి, దాన్ని ఎలా లాగాలో తెలియక, తల మాత్రం నిటారుగా ఎత్తి ఇల్లంతా కొత్తగా చూస్తూ ఉండిపోయింది. వంటింట్లో నుంచి పరుగెత్తుకొచ్చిన మా అమ్మ ఆ సాయంత్రమే శనగపప్పు ఉడకేసింది.

పాకకుండానే నేరుగా నిలబడితే ఏమైనా లోపమా?

లోపం కాదు. పైన చెప్పిన పరిశీలనలోనే నూటికి నలుగురికి పైగా పిల్లలు చేతులూ మోకాళ్ళ మీద పాకనే లేదు. కొందరు కూర్చునే జరుగుతారు, కొందరు పొట్ట మీద ఈదినట్టు వెళ్తారు, కొందరు దొర్లుతూ గది దాటుతారు. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాలు 2022లో తమ మైలురాళ్ళ జాబితాను సవరించినప్పుడు పాకడాన్ని అందులో నుంచి తీసివేశాయి కూడా.

అందరూ గమనించని మైలురాయి ఏదైనా ఉందా?

ఉంది. బొటనవేలూ చూపుడువేలూ కొసలు కలిపి చిన్న వస్తువును పట్టుకోవడం. ఇది సుమారు తొమ్మిది, పది నెలలకు వస్తుంది. దీనికి మన వరుసలో పిండివంట లేదు, ఎవరూ ఫోటో తీయరు. కానీ ముద్ద కలిపి తినడం నుంచి పూలు గుచ్చడం వరకు, అక్షరం రాయడం నుంచి సూదిలో దారం ఎక్కించడం వరకు మనిషి చేతితో చేసే సున్నితమైన పనులన్నీ ఈ రెండు వేళ్ళ కలయికతోనే మొదలవుతాయి.

అంతకు ముందు బిడ్డ దేన్ని పట్టుకున్నా అరచెయ్యంతా వేసి గోకినట్టు లాక్కుంటుంది. మా పాప పదో నెలలో ఉండగా ఒక ఆదివారం ఉదయం అత్తమ్మ బాల్కనీలో కూర్చుని బియ్యం ఏరుతున్నారు. మేము చేట అనేదాన్ని ఆవిడ చాట అంటారు. పాప ఆ చాటకు ఎదురుగా కూర్చుని, ఆవిడ వేళ్ళు రాళ్ళను ఏరి పక్కన వేయడాన్ని చాలాసేపు చూసింది. తర్వాత చాట అంచు దాటి గచ్చు మీద పడిన ఒక్క బియ్యపు గింజ వైపు ఒంగింది. మొదట నాలుగు వేళ్ళతో గీరింది, గింజ జారింది. రెండోసారి చూపుడువేలిని విడిగా చాచి, దానితో గింజను నొక్కి పట్టి, బొటనవేలిని నెమ్మదిగా తెచ్చి ఆనించింది. గింజ రెండు వేళ్ళ మధ్యా లేచింది. దాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసి, నోట్లో వేసుకోకుండా, అత్తమ్మ రాళ్ళు వేస్తున్న గిన్నెలో వేయబోయింది. అత్తమ్మ చేతిలో పని ఆపి, ఏమీ అనకుండా, ఇంకొక గింజ తీసి పాప ముందు పెట్టారు. ఆ ఏడాదిలో నేను చూసిన వాటన్నిటిలోకీ నా మనసులో చెరగకుండా ఉన్నది అదే.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ వేళ్ళ పట్టు వచ్చిన రోజు నుంచి నేల మీద పడిన గుండీలు, శనగగింజలు, వేరుశనగలు, నాణేలు, బొమ్మల్లోని బిళ్ళ బ్యాటరీలు అన్నీ బిడ్డ నోటికి చేరగలవు. గొంతుకు అడ్డం పడేవాటిని అందకుండా తీసేయాలి, ఆ వేళ్ళ పనిని పక్కన కూర్చునే చూడాలి.

తెలుగు పిల్లలు మొదట ఏ మాట పలుకుతారు?

అమ్మ, అత్త, తాత అనే మాటల్లో ఏదో ఒకటి అని చాలామంది చెబుతారు, మా ఇంట్లో తాత గెలిచింది. పెదవులు కలిపితే వచ్చే మకారమూ పకారమూ, నాలుక కొసను పళ్ళ దగ్గర ఆనిస్తే వచ్చే తకారమూ, నోరు తెరిస్తే చాలు వచ్చే అకారమూ పిల్లలకు అన్నిటికంటే సులువైనవి కాబట్టి, లోకంలో చాలా భాషల్లో దగ్గరి చుట్టాల పేర్లు ఆ శబ్దాలతోనే ఉంటాయి. తాతయ్యలు ఈ వివరణను ఒప్పుకోరు, ఒప్పుకోనవసరం కూడా లేదు.

మాటకు ముందు చాలా దారి ఉంటుంది. రెండు మూడు నెలలకు ఉంగా, ఆరు నెలలు దాటాక బబబ, తతత, మమమ అని ఒకే అక్షరాన్ని పేర్చడం, తొమ్మిది నెలల ప్రాంతంలో పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడటం, టాటా చెప్పడం, కావలసినదాన్ని వేలితో చూపడం, ఏడాది అటూ ఇటూ అర్థం తెలిసి ఒక మాట అనడం వస్తాయి. వేలితో చూపడం మాటకు చాలా దగ్గరి బంధువు. అది మొదలైందంటే బిడ్డ తన మనసులో ఉన్నది మన మనసులోకి పంపాలని చూస్తోందని అర్థం.

పిల్లలతో మాట్లాడటానికి తెలుగులో ప్రత్యేకంగా ఒక భాషే ఉంది. అన్నం బువ్వ, స్నానం లాల, దేవుడు జేజ, నిద్ర జోజో, చిరుతిండి అప్పచ్చి, భయపెట్టేది బూచి. ఇవన్నీ చిన్నవి, అచ్చుతో ముగుస్తాయి, కొన్నింట్లో ఒకే శబ్దం రెండుసార్లు వస్తుంది, అందుకే పిల్లల నోటికి తేలిగ్గా అందుతాయి. ఇలా మాట్లాడితే పిల్లలు సరైన మాటలు నేర్చుకోరని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. బువ్వ అన్న బిడ్డ కొంతకాలానికి అన్నం అని తానే అంటుంది, కానీ బువ్వ అనే మాటను నోరారా అనగలిగిన కాలం మళ్ళీ రాదు.

ఇన్నాళ్ళూ అందరి దగ్గరికీ వెళ్ళిన పాప ఇప్పుడు కొత్తవారిని చూస్తే ఏడుస్తోంది. ఎందుకు?

ఏడు నుంచి తొమ్మిది నెలల మధ్య పిల్లలు తమవారినీ పరాయివారినీ వేరు చేసి గుర్తించడం నేర్చుకుంటారు. ఏడుపు రూపంలో వచ్చినా అది ఒక ఎదుగుదలే. వచ్చినవారు నొచ్చుకోకుండా, బిడ్డను వెంటనే చేతుల్లోకి లాక్కోకుండా కాసేపు తల్లితో మాట్లాడుతూ కూర్చుంటే చాలు.

అన్నప్రాసన ఎన్నో నెలలో చేయాలి?

మగపిల్లలకు ఆరు, ఎనిమిది వంటి సరి నెలల్లో, ఆడపిల్లలకు ఐదు, ఏడు వంటి బేసి నెలల్లో చేయడం ఆచారం. ఆరు నెలలు, అంటే 180 రోజులు నిండేవరకు తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా అవసరం లేదని వైద్యులు చెబుతారు. మా పాపకు మేము ఏడో నెల నడుస్తుండగా ముహూర్తం పెట్టించుకున్నాము కాబట్టి, పంచాంగమూ డాక్టరూ ఒకే మాట మీద నిలిచారు. మొదట పరమాన్నం నాలుకకు రాసి, తర్వాత పుస్తకం, కలం, బంగారం, డబ్బు, పూలు వంటివి ఎదురుగా పెట్టి, బిడ్డ దేన్ని పట్టుకుంటుందో చూడటం అందరికీ వేడుక. మా పాప వాటన్నిటినీ దాటి పరమాన్నం గిన్నెను పట్టుకుంది.

ఆ తర్వాత రోజువారీ తిండిగా బియ్యమూ పెసరపప్పూ వేయించి పొడి కొట్టి చేసిన ఉగ్గు, మెత్తగా మెదిపిన పప్పన్నం, ఉడికించిన కూరగాయలు, అరటిపండు, కొంచెం నెయ్యి మంచివి. తేనెను మాత్రం ఏడాది నిండేవరకు నాలుకకు కూడా రాయకూడదు, అందులో ఉండే ఒక రకమైన సూక్ష్మజీవి వల్ల చిన్నపిల్లల్లో కండరాలు చచ్చుబడే ప్రమాదం ఉంది. ఏడాదిలోపు ఉప్పు, పంచదార కలపనక్కరలేదు, ఆవుపాలను తల్లిపాలకు బదులుగా పట్టకూడదు.

పళ్ళు ఎప్పుడు వస్తాయి?

ఎక్కువమందికి ఆరు నెలల తర్వాత కింది వరుసలో ముందుపళ్ళు రెండు వస్తాయి. ఏడాది దాటి నెల వరకు ఒక్క పన్ను రాకపోయినా కంగారు పడనక్కరలేదు. మా పాపకు ఎనిమిదో నెలలో, ఉగ్గు పెడుతుంటే స్టీలు చెంచాకు ఏదో తగిలి టక్కుమని చప్పుడైంది. పన్ను కనిపించక ముందే మాకు అలా వినిపించింది.

వాకర్ కొనాలా?

వద్దు. కూర్చోబెట్టి తిప్పే వాకర్ వల్ల నడక త్వరగా రాదు, పైగా మెట్ల మీద నుంచి పడటం, వేడి గిన్నెలు లాక్కోవడం వంటి ప్రమాదాలు ఎక్కువ. కెనడా 2004లో వీటి అమ్మకాన్నే నిషేధించింది. మన ఇళ్ళల్లో పూర్వం వాడిన మూడు చక్రాల చెక్క బండి వేరు. అందులో బిడ్డ కూర్చోదు, తన కాళ్ళ మీద తాను నిలబడి దాన్ని తోస్తుంది. మనం పక్కన ఉండి చూస్తే అది మంచి సాధనమే.

మా బిడ్డ నెలలు నిండకుండా పుట్టింది. ఈ వయసులు మాకూ వర్తిస్తాయా?

వర్తిస్తాయి, కానీ లెక్క పుట్టిన రోజు నుంచి కాదు, పుట్టవలసిన రోజు నుంచి వేయాలి. 40 వారాలకు పుట్టవలసిన బిడ్డ 32 వారాలకే పుడితే, ఎనిమిది నెలల వయసులో ఆ బిడ్డ నుంచి ఆరు నెలల బిడ్డ చేసే పనులే ఆశించాలి. సాధారణంగా రెండేళ్ళ వయసు వరకు ఇలా చూస్తారు. టీకాలు మాత్రం పుట్టిన తేదీ ప్రకారమే వేయించాలి.

ఎప్పుడు డాక్టరుకు తప్పనిసరిగా చూపించాలి?

మూడు నెలలు నిండినా ముఖం చూసి నవ్వకపోతే, పెద్ద చప్పుడుకు ఉలిక్కిపడకపోతే, ఐదు నెలలకూ మెడ నిలవకపోతే, తొమ్మిది నెలలు దాటినా ఆసరా లేకుండా కూర్చోలేకపోతే, ఏడాది నిండినా పట్టుకుని నిలబడకపోతే, పద్దెనిమిది నెలలకూ నడవకపోతే చూపించాలి. ఏడాదిలోపే ఎప్పుడూ ఒకే చేతిని వాడుతూ రెండో చేతిని కదిలించకపోయినా, ఒళ్ళు మరీ బిగుసుకున్నట్టు గానీ మరీ వదులుగా గానీ ఉన్నా చూపించాలి. వచ్చిన పని పోవడం అన్నిటికంటే ముఖ్యమైన సూచన. నిన్నటిదాకా కూర్చున్న బిడ్డ కూర్చోలేకపోతే, పలికిన శబ్దాలు మానేస్తే ఒక్క వారం కూడా ఆగవద్దు.

ఇంట్లో పెద్దలు "వాళ్ళ నాన్న కూడా ఆలస్యంగానే నడిచాడు" అని ధైర్యం చెబుతారు. ప్రేమతో చెప్పే మాటే అయినా, తల్లి మనసులో సందేహం ఉన్నప్పుడు డాక్టరును అడగడంలో తప్పు లేదు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఇచ్చే తల్లీబిడ్డల సంరక్షణ కార్డులో బరువు గీతలతో పాటు ఈ దశల బొమ్మలూ ఉంటాయి, తొమ్మిది నెలలకు మీజిల్స్, రుబెల్లా టీకాకు వెళ్ళినప్పుడు వాటిని చూపించి అడగవచ్చు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకు వచ్చే వైద్య బృందాలు పిల్లలను పరీక్షించి, అవసరమైతే పిల్లల్లో లోపాలను తొలి దశలోనే గుర్తించి చికిత్స చేసే జిల్లా స్థాయి డీఈఐసీ కేంద్రాలకు పంపుతాయి. ముందుగా గుర్తిస్తే ఎన్నో లోపాలను వ్యాయామంతోనూ చికిత్సతోనూ సరిదిద్దవచ్చు లేదా తగ్గించవచ్చు.

నేను ఉద్యోగానికి వెళ్ళాలి. మొదటిసారి పాకినప్పుడో నడిచినప్పుడో నేను పక్కన లేకపోతే?

ఈ ప్రశ్న నాకు చాలా దగ్గరది. 2017లో చట్టం సవరించాక మొదటి ఇద్దరు బిడ్డలకూ 26 వారాల ప్రసూతి సెలవు వస్తోంది. అది ఎంతో మేలు చేసింది. కానీ ఆ సెలవు ముగిసే సమయానికి బిడ్డకు ఆరు నెలలు కూడా సరిగ్గా నిండవు, కూర్చోవడం, పాకడం, నిలబడటం, పలకడం అన్నీ ఆ తర్వాతే వస్తాయి. నేను ప్రసవానికి మూడు వారాల ముందే సెలవు తీసుకోవలసి వచ్చింది కాబట్టి, పాపకు ఐదు నెలలు దాటగానే హైదరాబాద్‌కు వచ్చి ఆఫీసులో చేరాను.

శ్రావణ మాసంలో ఒక మధ్యాహ్నం అత్తమ్మ ఫోను చేసి, "ఇయ్యాల పాప అంబాడుకుంట తలుపు దాక పోయింది బిడ్డా" అన్నారు. నేను సంతోషపడ్డాను, ఆ వెంటనే మెట్ల దగ్గరికి వెళ్ళి ఏడ్చాను. సాయంత్రం ఇంటికి వెళ్ళి తలుపు తీయగానే, పాప గదికి అటు చివర నుంచి నన్ను చూసి, ఒక మోకాలు, ఒక చెయ్యి, మళ్ళీ ఒక మోకాలు అని ఆగి ఆగి, నా చెప్పుల దాకా పాక్కుంటూ వచ్చింది. పొద్దున పాకింది తలుపు కోసం, ఇప్పుడు పాకింది నా కోసం. అత్తమ్మ పాయసం పొయ్యి మీద పెట్టకుండా నేను వచ్చేవరకు ఆగారు. ఇంట్లో చూసుకునే పెద్దవారికి ఈ ఒక్క మాట చెప్పి ఉంచమని ఉద్యోగాలు చేసే తల్లులందరికీ చెబుతున్నాను: పని బిడ్డ ఇష్టం, పాయసం మాత్రం తల్లి వచ్చాకే.

మేము విదేశంలో ఉన్నాము. అమ్మమ్మకూ నానమ్మకూ ఫోనులో చూపించవచ్చా? స్క్రీను చూడకూడదంటారు కదా?

ఏడాదిలోపు పిల్లలకు స్క్రీను చూపించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అయితే బొమ్మల వీడియోలు వేయడం వేరు, ఎదుటి మనిషి మాటకు మాట బదులిచ్చే వీడియో కాల్ వేరు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా వీడియో కాల్‌కు మినహాయింపు ఇచ్చింది. రోజూ ఒకే వేళకు కొద్దిసేపు, బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకుని మాట్లాడిస్తే అమ్మమ్మ గొంతు బిడ్డకు కొత్త కాదు. డల్లాస్‌లో ఉన్న నా స్నేహితురాలి కొడుకు బోర్లా పడినప్పుడు, వాళ్ళ అమ్మగారు విజయవాడలో బొబ్బట్లు చేసి అపార్ట్‌మెంటులో పంచి, ఆ పళ్ళేలను ఫోనులో మనవడికి చూపించారు.

ఈ జ్ఞాపకాలను ఎలా దాచుకోవాలి?

ఫోనులో నాలుగు వేల ఫోటోలు ఉన్నాయి, వాటిలో దేన్నీ వెంటనే వెతికి తీయలేను. మాకు నిజంగా పనికొచ్చింది గోడకు వేలాడే తెలుగు క్యాలెండరు. తిథి, నక్షత్రం ఉండే గళ్ళల్లో, పాల లెక్క రాసుకునే పెన్నుతోనే, "బోర్లా", "పన్ను", "తాత అంది" అని రాసి పెట్టాము. తేదీ, తిథి రెండూ దొరికాయి, డాక్టరు అడిగినప్పుడు చెప్పడానికీ అదే ఉపయోగపడింది. సంవత్సరం మారినా ఆ క్యాలెండరును పారేయలేదు.

మొదటి పుట్టినరోజు వచ్చేసింది, బిడ్డ ఇంకా నడవడం లేదు. వేడుక ఎలా?

నడక లేకపోతే వేడుకకు లోటేమిటి? ఏడాది నిండేసరికి బిడ్డ పుట్టినప్పటి బరువుకు మూడు రెట్లు అవుతుంది, సుమారు 50 సెంటీమీటర్ల నుంచి 75 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది. మళ్ళీ ఎప్పుడూ మనిషి ఒక్క ఏడాదిలో ఇంతగా ఎదగడు. పుట్టినరోజున మా పాప అందరి చేతుల్లోనూ తిరిగింది, కుర్చీ పట్టుకుని నిలబడింది, చేయి వదలమంటే కూర్చుండిపోయింది. వచ్చినవారిలో సగం మంది "ఇంకా నడవలేదా" అని అడిగారు. అరిసెలు ఇంకా చేయలేదని అమ్మ వారికి జవాబు చెప్పింది.

పదమూడున్నర నెలలకు, సంక్రాంతి వెళ్ళిన నాలుగో రోజున, డబ్బాలోని పండుగ అరిసెలు అప్పటికే అయిపోయాక, పాప మంచం పట్టె వదిలి నా వైపు మూడు అడుగులు వేసి, నాలుగో దానికి నా ఒళ్ళో పడింది. అమ్మ ఆ రాత్రే కొత్త బియ్యం నానబోసింది. తడిపిండి, బెల్లం పాకం కలిపి మళ్ళీ అరిసెలు వండి, వరుసగా ఐదు పరిచాము. పాప రెండింటి మీద అడుగు పెట్టింది, మూడోదాని దగ్గర కూర్చుని, దాన్ని రెండు చేతులతో ఎత్తుకుని, ఉన్న నాలుగు పళ్ళతో అంచు కొరికింది.